అద్దెదారు మారినా బద్దలుకొట్టనక్కర్లేని ఆఫీసు భవనం: ప్లాను దశలోనే తేల్చుకోవాల్సిన కొలతలు

1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్న రోజుల్లో ఆఫీసంటే మనిషికో బల్ల, దాని మీద పెద్ద డబ్బాలాంటి మానిటర్, కింద సీపీయూ. తర్వాత ల్యాప్‌టాప్‌లు వచ్చాక యంత్రాల వేడి తగ్గింది, బల్లలు చిన్నవయ్యాయి, అదే జాగాలో మనుషులు పెరిగారు. 2020 తర్వాత వారానికి మూడు రోజులే వచ్చేవాళ్లు, అమెరికా వేళల్లో రాత్రిపూట వచ్చేవాళ్లు, కేవలం మీటింగుల కోసం వచ్చేవాళ్లు ఒకే అంతస్తును పంచుకుంటున్నారు. కాంక్రీటు చట్రం కనీసం యాభై ఏళ్లు నిలవాలి. లీజేమో తొమ్మిదేళ్లు రాసుకున్నా లాకిన్, అంటే మధ్యలో ఖాళీ చేయకూడని గడువు, మూడేళ్లో అయిదేళ్లో ఉంటుంది. ఈ లెక్కన ప్రతి అంతస్తూ తన ఆయుష్షులో అయిదారు సార్లయినా లోపలంతా మారిపోతుంది.

చాలామంది బిల్డర్లు దీనికి జవాబుగా జరిపే గోడలు, చక్రాల బల్లలు చూపిస్తారు. అవి ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. మెట్ల వెడల్పు, అంతస్తు ఎత్తు, నేల మట్టం, షాఫ్టులు (గొట్టాలు, తీగలు అంతస్తు నుంచి అంతస్తుకు నిలువుగా పోయే దారులు), డ్రెయినేజీ గొట్టాలు మాత్రం ఒకసారి కట్టాక మారవు. డబ్బూ బుర్రా ముందు అక్కడ పెట్టాలి. కింద చెప్పే లెక్కలకు నానక్‌రామ్‌గూడ వైపు కట్టే మామూలు ఐటీ భవనాన్ని ఊహించుకుందాం: ఒక్కో అంతస్తు 3,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు 32,000 చదరపు అడుగులు.

ఒకే అంతస్తుకు నాలుగు ప్లాన్లు

డిజైన్ మొదలైన మొదటి నెలలోనే, స్ట్రక్చరల్ డ్రాయింగులు బయటికి వెళ్లకముందే, ఒకే అంతస్తును నాలుగు రకాలుగా గీయమని ఆర్కిటెక్ట్‌ను అడగండి. ఒకటి, మొత్తం ఒకే కంపెనీకి, అంతా ఓపెన్ బల్లలు. రెండు, నలుగురు వేర్వేరు అద్దెదారులకు. మూడు, సగం జాగా మీటింగు గదులు, ఫోన్ బూత్‌లు, క్యాబిన్లు. నాలుగు, కాల్ సెంటర్ తరహాలో కిక్కిరిసిన సీటింగు.

నాలుగూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే లోపాలు వాటంతటవే బయటపడతాయి. నలుగురు అద్దెదారుల ప్లానులో ప్రతివాళ్లూ పక్కవాళ్ల ఆఫీసులోంచి వెళ్లకుండా రెండు మెట్ల దారులకు చేరగలగాలి. ఒక మూల అద్దెదారుకు ఒకే దారి మిగిలితే అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ దగ్గర ఆగిపోతారు. లేదా అప్పటికప్పుడు అద్దె వచ్చే జాగాలోంచి 1.5 మీటర్ల కారిడార్ కోసి ఇవ్వాలి. కోర్, అంటే లిఫ్టులు, మెట్లు, టాయిలెట్లు కలిసి ఉండే భాగం, ఒక కొసన ఉన్న భవనాల్లో ఈ బాధ ఎక్కువ. పడమటి ఎండను ఆపడానికి లిఫ్టులు, టాయిలెట్లు, ఏహెచ్‌యూ (ఏసీ గాలిని చల్లబరిచి పంపే యంత్రం) గదులను పడమర వైపు పేర్చడం మన వాతావరణానికి మంచి పద్ధతే. అయితే మెట్లన్నిటినీ అక్కడే పెట్టకండి. ఒకదాన్నైనా తూర్పు కొసకు తీసుకెళ్లండి.

మెట్లు, టాయిలెట్లు: తర్వాత చేర్చలేనివి

నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం ఆఫీసుల్లో ఒక్కో మనిషికి 10 చదరపు మీటర్ల లెక్క. మన అంతస్తుకు 300 మంది. మెట్లకు మనిషికి 10 మి.మీ. వెడల్పు కావాలి కాబట్టి మొత్తం 3 మీటర్లు, అంటే 1.5 మీటర్ల మెట్ల దారులు రెండు. కాగితం మీద అంతా సరిపోయింది. కానీ ఇవాళ అద్దెదారులు మనిషికి 80 చదరపు అడుగుల చొప్పున సీట్లు వేస్తారు, అంటే సుమారు 7.5 చదరపు మీటర్లు. అప్పుడు 400 మంది, 4 మీటర్ల మెట్లు. కనీసపు లెక్కతో కట్టిన భవనంలో ఆ పై వంద మందిని కూర్చోబెట్టడానికి వీల్లేదు. మంచి అద్దెదారు వచ్చి ప్లాను చూసి వెళ్లిపోతాడు. మొదటి రోజే 2 మీటర్ల మెట్లు రెండో, 1.5 మీటర్లవి మూడో పెట్టుకోవాలి. మూడు పెడితే అంతస్తును విడగొట్టడం కూడా తేలికవుతుంది.

టాయిలెట్లదీ ఇదే కథ. కోడ్ ప్రకారం ఆఫీసుల్లో మగవాళ్లు 25 మందికి ఒకటి, ఆడవాళ్లు 15 మందికి ఒకటి చొప్పున కమోడ్లు. 400 మందిని సగం సగంగా తీసుకుంటే మగవాళ్లకు 8, ఆడవాళ్లకు 14. ఒక అద్దెదారు దగ్గర ఆడవాళ్లు 60 శాతం ఉంటే 16 కావాలి. మగవాళ్లు 60 శాతం ఉంటే 10. రెండు బ్లాకుల నీటి గొట్టాల గోడ ఒకటే అయ్యేలా పక్కపక్కన పెట్టి, మధ్యలో రెండు మూడు క్యూబికల్స్‌ను అటైనా ఇటైనా తిప్పుకోగలిగేలా తేలికపాటి గోడ కట్టండి. బ్లాకులను అంతస్తు రెండు కొసలకూ పంచితే ఇంకా మంచిది. లేకపోతే నలుగురు అద్దెదారులూ ఒకే టాయిలెట్ ముందు వరస కడతారు.

ప్యాంట్రీ ఎక్కడ పెట్టాలన్నది ప్రతి అద్దెదారుతోనూ వచ్చే గొడవ. డ్రెయిన్ పైపుకు 50కి 1 వాలు ఇస్తే 9 మీటర్ల దూరానికి 180 మి.మీ. కిందికి దిగాలి. ఆ పైపు కింది అంతస్తు అద్దెదారు సీలింగ్‌లోంచి పోతుంది, లీకైతే అతని సర్వర్ల మీద పడుతుంది. అందుకే కోర్‌కు దూరంగా ఉన్న కనీసం నాలుగు పిల్లర్ల పక్కన 110 మి.మీ. డ్రెయిన్ నిలువు గొట్టం, నీటి గొట్టం, గాలి గొట్టం పెట్టి, ప్రతి అంతస్తులోనూ మూత బిగించి వదిలేయండి. కట్టేటప్పుడు దీనికయ్యే ఖర్చు స్వల్పం. తర్వాతైతే స్లాబు కోయాలి.

గ్రిడ్: ఒక్క అంకె మీద అన్నీ నిలబడాలి

హైదరాబాద్ భవనాల్లో 8.4 మీటర్ల గ్రిడ్, అంటే పిల్లరుకూ పిల్లరుకూ మధ్య దూరం, ఎక్కువగా కనిపించడానికి కారణం కింద పార్కింగ్. ఒక్కో కారుకు 2.5 మీటర్లు, మూడు కార్లకు 7.5, ఆపైన పిల్లరు మందం. 9 మీటర్లయితే పార్కింగ్‌లో కొంచెం జాగా వృథా అవుతుంది గానీ పైన ఆఫీసు హాయిగా అమరుతుంది. ఎదురెదురు 600 మి.మీ. బల్లలు రెండు కలిపి 1.2 మీటర్లు, వెనక కుర్చీలకూ నడకకూ 1.8, మొత్తం 3 మీటర్లు. రెండు పిల్లర్ల మధ్య సరిగ్గా మూడు వరసలు. 8.4లో అదే వరసకు 2.8 మీటర్లు దొరుకుతుంది. పని జరుగుతుంది, వెనక కుర్చీలు కొంచెం రాసుకుంటాయి.

ఏది ఎంచుకున్నా భవనం బయటి అద్దాల నిలువు ఫ్రేములు దానితో భాగించబడాలి. 9 మీటర్లకు 1.5, 8.4కు 1.4. తరచూ జరిగే తప్పేమిటంటే, స్ట్రక్చర్ వాళ్లు 8.4తో వెళ్తారు, అద్దాల కాంట్రాక్టర్ తన అలవాటు ప్రకారం 1.5తో వస్తాడు. 8.4ను 1.5తో భాగిస్తే 5.6. ఫ్రేములు ఒక్కో పిల్లరు దగ్గర ఒక్కో చోట పడతాయి. క్యాబిన్ గోడ ఫ్రేము దగ్గర కాకుండా నడి అద్దానికి వచ్చి తగులుతుంది. ఆ సందులోంచి పక్క గదిలో మాట్లాడే ప్రతి మాటా వినిపిస్తుంది. ఫోమ్ కుక్కి మూసిన ఆ సందులు బయటి రోడ్డు మీదికి కూడా కనిపిస్తుంటాయి.

సీలింగ్‌ను కూడా ఇదే కొలతతో నడపండి. 3 మీటర్ల చదరానికి ఒక స్ప్రింక్లర్, ఒక ఏసీ గాలి డిఫ్యూజర్, ఒకట్రెండు లైట్లు, ఒక స్మోక్ డిటెక్టర్. ఆర్డినరీ హజార్డ్ (మామూలు అగ్నిప్రమాద ముప్పు) లెక్కలో ఒక స్ప్రింక్లర్ 12 చదరపు మీటర్లను చూసుకోగలదు, రెండింటి మధ్య 4 మీటర్లు దాటకూడదు. 3 బై 3 అంటే 9 చదరపు మీటర్లే కదా, కొన్ని స్ప్రింక్లర్లు ఎక్కువ పెడుతున్నట్టే. కానీ రేపు గ్రిడ్ గీత మీద ఎక్కడ గోడ కట్టినా రెండు వైపులా స్ప్రింక్లర్ ఉంటుంది. పైపులు ఖాళీ చేసి, కోసి, మళ్లీ ప్రెజర్ టెస్ట్ చేసే పని తప్పుతుంది.

ఎత్తు, నేల మట్టం

పూర్తయిన నేల నుంచి పై అంతస్తు పూర్తయిన నేల వరకు 4.2 మీటర్లు అడగండి. ఎందుకంటే: లేపిన నేల, అదే రెయిజ్డ్ ఫ్లోర్‌కు 150 మి.మీ., నిలబడే ఎత్తు 2,800, సీలింగూ లైట్లూ 100, డక్టు దాని ఇన్సులేషన్‌తో 450, స్ప్రింక్లర్ పైపులు, కేబుల్ ట్రేలకు 100, బీమూ స్లాబూ కలిపి 600. మొత్తం 4,200. 3.6 మీటర్లతో సర్దుకుందామనే యజమాని ఒక అంతస్తు అదనంగా దక్కించుకుంటాడేమో గానీ, మొదటి పెద్ద మీటింగు హాలు వేయగానే డక్టు బీము కింద ఇరుక్కుంటుంది, సీలింగ్ 2.4కు దిగుతుంది.

డేటా, కరెంటు తీగలకు నేల మందంలో పాతిపెట్టే రేస్‌వేలు (తీగలు పోయే గొట్టాలు) చవక. అయితే అవి పెట్టిన చోటే ఉంటాయి. బల్లల వరస ఒక మీటరు జరిగితే నేల కోయాలి. 600 మి.మీ. పలకల రెయిజ్డ్ ఫ్లోర్‌కు ఖర్చు ఎక్కువైనా మా ఓటు దానికే. అక్కడ ఎలుకల సంగతి ముందే చూసుకోవాలి: షాఫ్టుల దగ్గర, గోడల అంచుల్లో తీగలు దూరే ప్రతి కంతనూ ఫైర్ సీలెంట్‌తో మూయించండి. అగ్నిప్రమాదానికీ ఎలుకలకూ అదే మందు.

ఇందులో అసలు చిక్కు మట్టం. ఇప్పుడు రెయిజ్డ్ ఫ్లోర్ వేయకపోయినా భవిష్యత్తులో ఎవరో ఒకరు వేస్తారు. లిఫ్ట్ లాబీ, మెట్ల గది, టాయిలెట్లు, ఆఫీసు అన్నీ ఒకే మట్టంలో పోసి ఉంటే, ఆఫీసు 150 మి.మీ. పైకి లేచిన రోజున లాబీ నుంచి 12కి 1 వాలుతో 1.8 మీటర్ల ర్యాంప్ కావాలి. మెట్ల తలుపు దగ్గర అదనంగా ఒక మెట్టు వస్తుంది, పొగలో పరిగెత్తేవాళ్లు సరిగ్గా అక్కడే తట్టుకుని పడతారు. ఆఫీసు స్లాబును కోర్ కంటే 150 మి.మీ. కిందికి పోయించడమే మందు. రెయిజ్డ్ ఫ్లోర్ వద్దనే అద్దెదారుకు ఆ లోతును తేలికపాటి ఫిల్లింగ్‌తో నింపి ఇవ్వొచ్చు.

బరువులు, కేబుళ్లు, కంతలు

భవనాల బరువుల మీద భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ఆఫీసు గదులకు రెండు అంకెలు ఇస్తుంది: స్టోరేజీ విడిగా ఉంటే చదరపు మీటరుకు 2.5 కిలోన్యూటన్లు, లేకపోతే 4. కిలోన్యూటన్ అంటే సుమారు వంద కిలోలు. 2.5తో డిజైన్ చేసి అద్దెకిస్తే అద్దెదారు బీరువాలు ఎక్కడ పెట్టాడో చూడ్డానికి మనిషిని పెట్టాలి. 4 తీసుకోండి, పార్టిషన్ల కోసం పైన కనీసం 1 కలపండి. కోర్‌ను ఆనుకుని ప్రతి అంతస్తులో ఒక బే (నాలుగు పిల్లర్ల మధ్య భాగం) మాత్రం 10కి డిజైన్ చేయించండి. యూపీఎస్ బ్యాటరీలు, ఫైళ్ల కాంపాక్టర్లు అక్కడికి వెళ్తాయి.

పెద్ద గ్రిడ్లకు పోస్ట్ టెన్షన్ స్లాబు సహజమైన ఎంపిక. దాని స్వభావం తెలిసి వాడాలి. లోపల ఉక్కు కేబుళ్లు గట్టిగా లాగి బిగించి ఉంటాయి. అద్దెదారు ప్లంబర్ వచ్చి కోర్ కటింగ్ మిషన్‌తో ఒక కేబుల్ తెంపితే ఆ బే బలం పోతుంది. అందుకే మూడు పనులు. ప్రతి బేలో కేబుళ్లు లేని చిన్న పట్టీ ఒకటి వదిలించండి, రేపటి పైపులన్నీ అందులోంచే పోవాలి. కాంక్రీటు పోయకముందు ప్రతి బేనూ గ్రిడ్ నంబరు కనిపించేలా ఫోటోలు తీయించండి. షట్టరింగ్ తీశాక, సీలింగ్ వేయకముందు, స్లాబు అడుగున కేబుళ్ల దారిని రంగుతో గీయించండి.

రెండు అంతస్తులు తీసుకునే కంపెనీలు లోపల సొంత మెట్లు అడుగుతాయి. ప్రతి రెండు అంతస్తుల జతకు ఒక చోట 3 బై 6 మీటర్ల భాగాన్ని చుట్టూ బీములతో, మధ్యలో మామూలు స్లాబుతో కట్టి ఉంచితే, కావాలన్నప్పుడు అది మాత్రమే తీసేయొచ్చు. 4.2 మీటర్ల ఎత్తుకు 168 మి.మీ. మెట్లు 25, రెండు ఫ్లైట్లుగా ఆ కంతలో అమరుతాయి. తెరిచిన కంత చుట్టూ మంటలను ఆపే షట్టరో, కర్టెనో పెట్టాలని, మళ్లీ ఫైర్ అనుమతి తీసుకోవాలని లీజులోనే రాయండి.

హాలును రెండు చేసే జరిపే గోడల గురించి ఒక హెచ్చరిక. శబ్దం ఆపేవి చదరపు మీటరుకు దాదాపు 50 కిలోలుంటాయి. 9 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు గోడ 1,350 కిలోలు. అది పైన పట్టాకు వేలాడుతుంది. మడిచినప్పుడు ఆ బరువంతా ఒక కొసకు చేరుతుంది. అక్కడ పిల్లరు గానీ, ముందే లెక్కవేసిన బీము గానీ లేకపోతే పట్టా వంగి గోడ మధ్యలో ఇరుక్కుపోతుంది. పైగా సీలింగ్ పైన స్లాబు వరకు అడ్డం కట్టకపోతే శబ్దం పైనుంచి దూకుతుంది. అంతస్తుకు ఒక్క చోట, ట్రైనింగ్ హాలులో, సరిగ్గా పెట్టండి, చాలు. మిగతా చోట్ల జిప్సమ్ బోర్డు గోడలే నయం. అవి తీసి కట్టడం మన దగ్గర పెద్ద ఖర్చేమీ కాదు.

ఏసీ: అన్నిటికంటే ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే

ఓపెన్ హాలులోంచి 20 చదరపు మీటర్లు కోసి మీటింగు గది చేశారనుకుందాం. ముందు అక్కడ ఇద్దరు కూర్చునేవాళ్లు, ఇప్పుడు పది మంది. గాలి సరఫరాకు వాడే అమెరికా ప్రమాణం అష్రే 62.1 లెక్కలో తాజా గాలి మనిషికి సెకనుకు 2.5 లీటర్లు, చదరపు మీటరుకు 0.3. ఇద్దరికి 11 లీటర్లు సరిపోయేది, పది మందికి 31 కావాలి. దాదాపు మూడింతలు. డక్టు మాత్రం పాతదే. అరగంటకే గది ఉక్కపోతగా మారి అందరికీ ఆవులింతలు వస్తాయి. హైబ్రిడ్ పద్ధతిలో బల్లలు తగ్గి మీటింగు గదులు పెరుగుతాయి కాబట్టి ఈ సమస్య ఒక గదితో ఆగదు.

తాజా గాలి డక్టులను, ఏహెచ్‌యూ కాయిల్‌ను మూడో ప్లాను, అంటే సగం గదులున్న ప్లాను ప్రకారం లెక్కవేయించండి. ప్రధాన డక్టులో ప్రతి 9 మీటర్లకు మూతపెట్టిన ట్యాపింగ్ వదలండి. అక్కడ తర్వాత వీఏవీ బాక్స్ (గదికి కావాల్సినంత గాలి వదిలే పెట్టె), దానికి కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ తగిలించవచ్చు. గోడ స్లాబు వరకు కట్టినప్పుడు తిరుగు గాలి దారి మూసుకుపోతుందని ఇంటీరియర్ కాంట్రాక్టర్లు గుర్తుంచుకోరు. గాలి లోపలికి వస్తుంది, బయటికి పోలేదు, తలుపు దానంతటదే మూసుకోదు. గోడలో శబ్దం ఆపే లైనింగ్ ఉన్న ట్రాన్స్‌ఫర్ డక్టు పెడితే తీరుతుంది. థర్మోస్టాట్ పక్క గదిలో ఉండిపోవడం మరో సాధారణ లోపం: గోడ కట్టిన రోజే దాన్ని జరపాలి.

మన అంతస్తుకు ఒక పెద్ద ఏహెచ్‌యూ వద్దు, నాలుగు పెట్టండి. ఒక్కొక్కటి 8,000 చదరపు అడుగులకు. శుక్రవారం ఒక మూలనే జనం ఉంటారు. రాత్రి అమెరికా షిఫ్టులో ఒక వింగే నడుస్తుంది. ఆ ఒక్కటే తిరగాలి. చిల్లర్లు (ఏసీకి నీటిని చల్లబరిచే యంత్రాలు) కూడా అన్నీ ఒకే సైజువి తీసుకోకుండా ఒకటి చిన్నది ఉంచండి. రాత్రి కొద్దిపాటి లోడుకు పెద్ద చిల్లర్ ఆగుతూ నడుస్తూ కరెంటు తింటుంది. కరెంటు మీటర్లనూ ఇదే నాలుగు భాగాల చొప్పున విడగొట్టండి, అద్దెదారులు మారినప్పుడు బిల్లుల తగాదా ఉండదు.

కరెంటు పొదుపుకూ సర్దుబాటుకూ అన్నిసార్లూ పొత్తు కుదరదు. పోచారంలో ఇన్ఫోసిస్ 2011లో కట్టిన భవనంలో ఒక సగానికి మామూలు ఏసీ, మరో సగానికి స్లాబులో చల్లటి నీటి పైపులు పెట్టి పోల్చి చూశారు. పైపుల సగం ఏసీకి దాదాపు మూడో వంతు తక్కువ కరెంటు వాడింది. సొంత క్యాంపస్‌కు అది చక్కటి పద్ధతి. నాలుగేళ్లకోసారి కొత్త కాంట్రాక్టర్ డ్రిల్లింగ్ మిషన్‌తో దిగే అద్దె భవనంలో మాత్రం స్లాబు నిండా నీటి పైపులు పెట్టమని మేం చెప్పం.

సీట్లెన్ని అన్నది సగటుతో తేల్చకండి

అద్దెదారు 400 మంది ఉద్యోగులున్నారు, సగటున సగం మంది వస్తారు, 200 సీట్లు చాలు అంటాడు. రోజువారీ యాక్సెస్ కార్డు లెక్కలు అడగండి. సోమ, శుక్రవారాలు ఖాళీగా ఉండి మంగళ, బుధ, గురువారాలు నిండే ఆఫీసులో బుధవారం 270 మంది ఉండొచ్చు. దాని మీద పది శాతం కలిపి దాదాపు 300 సీట్లు వేయాలి. లిఫ్టులు, టాయిలెట్లు, తాజా గాలి కూడా ఆ బుధవారం లెక్కకే సరిపోవాలి.

పార్కింగ్ అంతస్తులు, షాఫ్టులు

నేల పైన కట్టే పార్కింగ్ అంతస్తులు ఏదో ఒక రోజు ఆఫీసో, జిమ్మో, క్యాంటీనో అవుతాయి. ఆ అవకాశం కావాలంటే స్లాబులు వాలు లేకుండా ఉండాలి, ర్యాంప్ ఒక పక్కకు విడిగా ఉండాలి, ఎత్తు కనీసం 3.6 మీటర్లుండాలి, బరువు కార్లకు తీసుకునే 2.5తో కాకుండా ఆఫీసు లెక్కతో ఉండాలి. అన్ని అంతస్తులకూ చేయనక్కర్లేదు, పైనున్న ఒకటి రెండింటికి చేస్తే చాలు.

షాఫ్టుల్లో మొదటి రోజున మూడో వంతు ఖాళీగా ఉండాలి. ఇంటర్నెట్ కేబుళ్లకు ఎదురెదురు కొసల్లో రెండు వేర్వేరు షాఫ్టులు ఇవ్వండి, ఒకటి తెగినా రెండోది పనిచేస్తుంది. సర్వర్ గదికి ఇరవై నాలుగు గంటల ఏసీ ప్రతి అద్దెదారూ అడుగుతాడు. దాని అవుట్‌డోర్ యూనిట్ల కోసం ప్రతి అంతస్తులో రెండు మూలల్లో 1.2 మీటర్ల లెడ్జ్ (బయటికి పొడుచుకొచ్చిన అరుగు), దానికి మనిషి పట్టే తలుపు లేకపోతే ఆ యూనిట్లు మెట్ల దారిలోకి వచ్చి చేరతాయి.

కాగితాలు

ఇన్ని చేసి, ఆ సంగతి అయిదేళ్ల తర్వాత వచ్చే అద్దెదారుకు చెప్పేవాళ్లు లేకపోతే మూతపెట్టిన గొట్టాలు సీలింగ్‌లోనే మరుగున పడతాయి. అంతస్తుకొకటి చొప్పున ఫిట్-అవుట్ (లోపలి అమరిక) పుస్తకం తయారుచేయించండి. కేబుళ్ల ఫోటోలు, కోయగలిగే పట్టీలు, తీసేయగలిగే స్లాబు భాగం, డ్రెయిన్ మూతల చోట్లు, డక్టు ట్యాపింగులు, బరువైన బే, గరిష్ఠ జనసంఖ్య అందులో ఉండాలి. లీజుకు దాన్ని జతచేసి, ఇంటీరియర్ డ్రాయింగులకు యజమాని ఇంజినీర్ సంతకం లేనిదే డ్రిల్లింగ్ మొదలుపెట్టకూడదని షరతు పెట్టండి. ఖాళీ చేసేటప్పుడు పూర్వస్థితికి తేవాలన్న షరతు ఉంటే, ఏ స్థితి అన్నది ఫోటోలతో సహా అందులోనే ఉండాలి. సెక్యూరిటీ డిపాజిట్ తగాదాలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.